డాకింగ్ స్కోర్ల పోస్టర్‌తో సింపోజియంకి వెళ్లొచ్చా?

ప్రశ్న, కాస్త కుదించి: "అమలాపురం దగ్గర ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. రెండు నెలల్లో రాజమండ్రి వైపు ఒక కాలేజీలో మాలిక్యులర్ డిజైన్, డ్రగ్ డిస్కవరీ మీద ప్రాంతీయ సింపోజియం ఉంది. పది పదిహేను మొక్కల కాంపౌండ్లు తీసుకుని డాకింగ్ చేసి పోస్టర్ పెట్టమని మా సార్ అన్నారు. మా దగ్గర పెద్ద ల్యాబ్ లేదు. ఇంగ్లీషులో మాట్లాడాలంటే టెన్షన్. అసలు వెళ్లడం దండగా? వెళ్తే ఏం పెట్టాలి, జడ్జీలు ఏమడుగుతారు?"

తప్పకుండా వెళ్లమ్మా. దండగ సింపోజియంలు కూడా ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను. నేను హైదరాబాద్‌లో మెడిసినల్ కెమిస్ట్రీలో చాలా ఏళ్లు పనిచేసి ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాను. చుట్టుపక్కల కాలేజీలవాళ్లు పోస్టర్లకు మార్కులు వేయడానికి పిలుస్తుంటారు. నువ్వు అని రాస్తున్నందుకు ఏమీ అనుకోకు, నీ వయసు పిల్లలతో మాట్లాడే అలవాటు.

మీ సార్ చెప్పిన పని చెడ్డదేం కాదు. డాకింగ్ అంటే ఒక అణువు ప్రొటీన్‌లోని గూడు లాంటి ఖాళీలో ఎలా కూర్చుంటుందో, ఎంత గట్టిగా అతుక్కుంటుందో కంప్యూటర్‌తో అంచనా వేయడం. స్కోరు ఎంత మైనస్ అయితే అంత గట్టిగా అని లెక్క. ల్యాబ్ లేనిచోట ల్యాప్‌టాప్ మీద చేయగలిగింది అదే. ఇబ్బంది ఏంటంటే, మన వైపు ఏ సింపోజియంకి వెళ్లినా పోస్టర్లు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఎడమవైపు మొక్క ఫొటో, మధ్యలో రంగురంగుల ప్రొటీన్ బొమ్మ, కుడివైపు మైనస్ 9.4, మైనస్ 9.1, మైనస్ 8.8 అంటూ ఒక టేబుల్. కింద "కాబట్టి ఈ కాంపౌండ్ మంచి మందుగా పనికొచ్చే అవకాశం ఉంది" అని ఒక వాక్యం. మొక్క పేరు, ప్రొటీన్ పేరు మారిస్తే అదే పోస్టర్ వచ్చే ఏడాదికీ సరిపోతుంది.

ఆ టేబుల్ ఎందుకు నిలబడదో ముందు తెలుసుకో, ఎందుకంటే జడ్జీ మొదట వేలు పెట్టేది అక్కడే. మీరందరూ వాడేది ఆటోడాక్ వీనా అనే డాకింగ్ ప్రోగ్రామ్. అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో తయారైంది, ఉచితం, మంచి సాధనం. 2010లో దాని గురించి రాసిన పేపర్లో, లెక్కగట్టిన బైండింగ్ ఎనర్జీకీ ప్రయోగంలో కొలిచిన విలువకీ మధ్య సుమారు 2.85 కిలోకేలరీల స్టాండర్డ్ ఎర్రర్ ఉందని తయారుచేసినవాళ్లే చెప్పారు. గది ఉష్ణోగ్రత దగ్గర 1.4 కిలోకేలరీలు అంటే బైండింగ్‌లో పది రెట్ల తేడా. అంటే ఆ ఎర్రర్ దాదాపు వంద రెట్లు అటూ ఇటూ. అలాంటప్పుడు 9.4కీ 8.8కీ మధ్య ఉన్న 0.6 చూపించి "ఇది మొదటి స్థానం, అది మూడో స్థానం" అంటే ఎలా కుదురుతుంది? ఫిజికల్ కెమిస్ట్రీలో డెల్టా జి ఈక్వల్ టు మైనస్ ఆర్‌టీ ఎల్ఎన్ కే అని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే పోస్టర్ దగ్గర ఆ సూత్రం మర్చిపోతారు.

ఇంకో చిక్కు సైజుది. అణువు పెద్దదైన కొద్దీ ప్రొటీన్‌ని తాకే చోట్లు పెరుగుతాయి, స్కోరూ పెరుగుతుంది. మొక్కల కాంపౌండ్లలో రూటిన్ ఎప్పుడూ పైన నిలబడటానికి అదొక కారణం. దాని మాలిక్యులర్ వెయిట్ 610. స్కోరుని హైడ్రోజన్ కాని పరమాణువుల సంఖ్యతో భాగించి చూడు, టేబుల్ వరస మారిపోవచ్చు. దాన్నే లిగాండ్ ఎఫిషియెన్సీ అంటారు, లిగాండ్ అంటే ప్రొటీన్‌కి అతుక్కునే అణువు. ఈ ఒక్క కాలమ్ చేర్చినా నీ పోస్టర్ పక్కదానికంటే మెరుగు.

పసుపులోని కర్క్యుమిన్ పెట్టాలనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో దాని మీద పెద్ద సమీక్ష వచ్చింది. కర్క్యుమిన్ నిలకడ లేనిది, ఏ పరీక్షలో పెట్టినా పనిచేసినట్టు కనిపించి మోసం చేసే రకం, రక్తంలోకి సరిగా చేరదు, ప్లాసీబోతో పోల్చిన డబుల్ బ్లైండ్ క్లినికల్ ట్రయల్స్‌లో విజయం లేదు అని దాని సారాంశం. కూరలో వేసుకుందాం, పోస్టర్లో వద్దు.

అందుకని నా సలహా ఇది. కొత్త మందు దొరికిందని చెప్పే పోస్టర్ పెట్టకు. జవాబు ముందే తెలిసిన ఒక కేసు తీసుకుని, డాకింగ్ దాన్ని ఎంతవరకు పట్టుకుంటుందో, ఎక్కడ పట్టుకోలేదో చూపించే పోస్టర్ పెట్టు. అలాంటి కేసు కోసం ఎక్కడో వెతకక్కర్లేదు, భీమవరం చాలు.

మన వైపు ఏ కెమిస్ట్రీ, ఫార్మసీ సభ జరిగినా వేదిక మీద యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో ఉంటుంది, దండ ఉంటుంది, దీపం వెలిగిస్తారు. ఆ తర్వాత ఆయన పని గురించి ఒక్క స్ట్రక్చర్ కూడా బోర్డు మీదికి రాదు. నాకు ఇది ఎప్పుడూ కొరతే. 1895లో భీమవరంలో పుట్టారు, కొంతకాలం రాజమండ్రిలో చదివారు. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. హార్వర్డ్‌లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ మీద పని అయ్యాక 1940లో లెడర్లీ ల్యాబ్స్ అనే అమెరికా మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని సింథసైజ్ చేసింది. స్ప్రూకి అదే మందైంది. తర్వాత అదే ఫోలిక్ యాసిడ్‌ని కొద్దిగా మార్చి, దానికి అడ్డుపడే అణువులు చేశారు. వాటిలో అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి చూశాడు. 1948లో వచ్చిన ఆ రిపోర్టులో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు గుణం కనిపించిందని ఉంది. దాని తమ్ముడి లాంటిదే మెథోట్రెక్సేట్. ఇవాళ అమలాపురంలో ఏ మందుల షాపులో అడిగినా దొరుకుతుంది. కీళ్లవాతం ఉన్న పెద్దవాళ్లకు వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోమని రాస్తారు, వేరే రోజు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తారు. ఒకే చీటీలో రెండు అణువులు, ఒకదానికొకటి పోటీ.

ఇక కెమిస్ట్రీకి వద్దాం. కాగితం తీసుకుని ఫోలిక్ యాసిడ్ గీయి. టెరిడిన్ రింగ్, దానికి సీహెచ్2, ఎన్‌హెచ్, బెంజీన్, చివర గ్లుటామిక్ యాసిడ్ తోక. ఇప్పుడు రింగ్ మీద నాలుగో స్థానంలో ఉన్న ఆక్సిజన్ తీసేసి ఎన్‌హెచ్2 పెట్టు. అమినోప్టెరిన్ వచ్చింది. పదో నైట్రోజన్ మీద ఒక మిథైల్ పెట్టు. మెథోట్రెక్సేట్. చేసిన మార్పు అంతే. ఇంత చిన్న మార్పుతో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌కి అది ఫోలిక్ యాసిడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది.

ఎందుకు? ఆక్సిజన్ బదులు ఎన్‌హెచ్2 రావడంతో రింగ్‌లోని ఒకటో నైట్రోజన్ బేసిసిటీ పెరిగింది. ఎంజైమ్ లోపల అది ప్రొటాన్ తీసుకుని పాజిటివ్ అవుతుంది. ఎదురుగా ఈ.కోలై ఎంజైమ్‌లో 27వ స్థానంలో ఆస్పార్టేట్ నెగటివ్‌గా కూర్చుని ఉంటుంది. రెండూ కట్టుకుంటాయి. చిత్రమేమిటంటే, ఫోలిక్ యాసిడ్ ఇలా కూర్చోదు. దాని రింగ్ 180 డిగ్రీలు తిరగబడి, మూడో నైట్రోజన్, పక్కనున్న ఎన్‌హెచ్2 ఆస్పార్టేట్ వైపు ఉండేలా కూర్చుంటుంది. కాగితం మీద కవలల్లా కనిపించే అణువులు లోపల తలకిందులుగా ఉన్నాయన్నమాట. క్రిస్టల్ స్ట్రక్చర్లు వచ్చే దాకా, 1970ల చివరి దాకా, మెథోట్రెక్సేట్ కూడా ఫోలిక్ యాసిడ్‌లాగే కూర్చుంటుందని అనుకోవడమే సహజంగా ఉండేది.

ఇదే నీ ప్రశ్న: వీనాకి ఆ తిరగబడటం కనిపిస్తుందా?

చేయడం ఇలా. ప్రొటీన్ డేటా బ్యాంకులో 4డీఎఫ్ఆర్ అనే స్ట్రక్చర్ దింపుకో. ఈ.కోలై ఎంజైమ్, మెథోట్రెక్సేట్‌తో సహా ఉంటుంది. అందులో రెండు చైన్లు ఉంటాయి, ఒకటి ఉంచి రెండోది తీసేయి, ఏది ఉంచావో రాసుకో. లిగాండ్‌ని అందులోంచే బయటికి లాగి మళ్లీ అదే గూట్లో పెట్టడం కొంచెం మోసం, అది అప్పటికే సరైన ఆకారంలో ఉంటుంది కాబట్టి. పబ్‌కెమ్ డేటాబేస్ నుంచి స్మైల్స్ (అణువు నిర్మాణాన్ని ఒక వరసలో రాసే కోడ్) తీసుకుని కొత్తగా 3డీ ఆకారం కట్టి అప్పుడు డాక్ చేయి. ఒకటో నైట్రోజన్ మీద ప్రొటాన్ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి. వచ్చిన పోజ్‌ని, అంటే అణువు కూర్చున్న తీరుని, క్రిస్టల్‌లో ఉన్నదానితో పోల్చి ఆర్ఎంఎస్‌డీ (రెండిటి మధ్య ఒకరకమైన సగటు దూరం) లెక్కగట్టు. 2 ఆంగ్‌స్ట్రామ్ లోపు ఉంటే బాగా వచ్చిందని మామూలుగా ఒప్పుకుంటారు. కానీ ఇక్కడ గ్లుటామేట్ తోక కొస బయటికి, నీళ్లలోకి వేలాడుతూ ఉంటుంది. అది అటూ ఇటూ ఊగితే మొత్తం ఆర్ఎంఎస్‌డీ చెడిపోతుంది, లోపల రింగ్ సరిగ్గానే ఉన్నా సరే. అందుకని రింగ్‌కి విడిగా, మొత్తానికి విడిగా రెండు అంకెలు ఇవ్వు. ఈ రెండు అంకెలు చూస్తే జడ్జీకి అర్థమైపోతుంది, ఈ అమ్మాయి బొమ్మను తిప్పి చూసింది, బటన్ నొక్కి ఊరుకోలేదు అని.

తర్వాత ఫోలిక్ యాసిడ్. దానికి 1ఆర్ఎక్స్2 స్ట్రక్చర్ వాడు. అందులో ఎన్ఏడీపీ అనే కోఎంజైమ్ కూడా పక్కనే ఉంటుంది. మామూలు అలవాటు ప్రకారం "హెటిరో పరమాణువులన్నీ డిలీట్" అని కొట్టేశావంటే అది కూడా పోయి గూట్లో పెద్ద ఖాళీ మిగులుతుంది, ఫోలేట్ పోయి ఆ ఖాళీలో పడే ప్రమాదం ఉంది. ఎన్ఏడీపీని ప్రొటీన్‌లో భాగంగా ఉంచి చేయి.

ఫలితం ఎలా వచ్చినా పోస్టర్ నిలుస్తుంది, నేను ఇది సూచించడానికి కారణం అదే. రింగ్ సరిగ్గా తిరిగితే ఎందుకో చెప్పు. తిరగకపోతే ఇంకా మంచి చర్చ. వీనా స్కోరింగ్‌లో పరమాణువుల మీది పాక్షిక చార్జీలు లెక్కలోకి రావు. ప్రొటాన్ తీసుకున్న నైట్రోజన్‌కీ ఆస్పార్టేట్‌కీ మధ్య ఉన్న గట్టి చార్జీ బంధం దానికి ఒక మామూలు హైడ్రోజన్ బాండ్ మాత్రమే. మెథోట్రెక్సేట్ బలమంతా ఉన్నది అక్కడే కదా. స్కోర్లలో వెయ్యి రెట్ల తేడా, అంటే నాలుగు కిలోకేలరీల పైచిలుకు, కనబడకపోతే ఆశ్చర్యపోకు. కనబడలేదనే రాయి, కారణం పక్కన రాయి.

టైం మిగిలితే ట్రైమెథోప్రిమ్ చేర్చు. సెప్ట్రాన్ మాత్రలో ఉండేదే. బ్యాక్టీరియా ఎంజైమ్‌కి వేల రెట్లు గట్టిగా, మనిషి ఎంజైమ్‌కి వదులుగా అతుక్కుంటుంది, అందుకే అది మందైంది. మనిషి ఎంజైమ్‌కి 1యూ72 ఉంది. రెండింట్లో డాక్ చేసి స్కోర్లు పక్కపక్కన పెట్టి, కొలిచిన విలువలు కెంబ్ల్ డేటాబేస్ నుంచి తెచ్చి కింద రాయి. ఇక్కడితో ఆపేయి. ఇంకా పదమూడు కాంపౌండ్లు చేర్చమని మీ సార్ అంటే, అప్పుడు మొక్కల కాంపౌండ్లు కూడా ఒక మూల పెట్టు, గొడవ వద్దు. గైడ్‌తో పేచీ పెట్టుకుని గెలిచిన ఎమ్మెస్సీ స్టూడెంట్‌ని నేను చూడలేదు.

లిపిన్‌స్కీ రూల్ ఆఫ్ ఫైవ్, అంటే మింగే మందుకి అణువు ఎలా ఉండాలో చెప్పే లెక్క, దాని గురించి తప్పకుండా అడుగుతారు, అదొక తంతు. దానికీ ఇదే అణువు పనికొస్తుంది. మెథోట్రెక్సేట్ ఫార్ములా సీ20హెచ్22ఎన్8ఓ5. నైట్రోజన్లు, ఆక్సిజన్లు కలిపితే 13, రూల్ ప్రకారం 10 దాటకూడదు. అయినా మాత్రగా మింగితే పనిచేస్తుంది, ఎందుకంటే పేగుల్లో ఫోలేట్‌ని లోపలికి తీసుకెళ్లే ట్రాన్స్‌పోర్టర్లే దీన్నీ మోస్తాయి. ఇలా ట్రాన్స్‌పోర్టర్లు మోసేవాటికి తన రూల్ వర్తించదని లిపిన్‌స్కీ 1997 పేపర్లోనే ఉంది. స్విస్ఏడీఎంఈ అనే వెబ్‌సైట్ రూల్ తప్పిందని చూపించగానే అణువుని పారేసేవాళ్లకు ఈ ఉదాహరణ చెప్పు.

డిజైన్ అనే మాటకి రెండో వైపు కూడా ఉంది, అది మన గోదావరి జిల్లాలకు ఇంకా దగ్గర. బోదకాలు మాత్రలు గుర్తున్నాయా? ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి తమ ఎదుటే మింగమనే తెల్ల మాత్రలు. డైఈథైల్‌కార్బమజైన్. అది కూడా 1947లో లెడర్లీలో సుబ్బారావు గారి హయాంలోనే బయటపడింది. పిపరజిన్ రింగ్ ఉన్న చిన్న అణువు, మాలిక్యులర్ వెయిట్ 200 కూడా ఉండదు. దాన్ని ఏ ప్రొటీన్ గూడూ చూసి గీయలేదు. ఫైలేరియా జాతి పురుగులు ఎక్కించిన కాటన్ ర్యాట్ అనే ఎలుకలకు రకరకాల కాంపౌండ్లు ఇచ్చి, ఏది పురుగు పిల్లల్ని తగ్గిస్తుందో చూస్తూ పోయారు. అసలు తమాషా ఏంటంటే, గాజు గొట్టంలో పురుగుల మీద నేరుగా పోస్తే దాని ప్రభావం చాలా తక్కువ. ఒంట్లో, మన రోగనిరోధక వ్యవస్థతో కలిసి పనిచేస్తుంది. సరిగ్గా ఎలా అన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. టార్గెట్ ఎంచుకో, డాక్ చేయి, తయారుచేయి అనే దారిలో వెళ్లి ఉంటే ఈ మందు దొరికేదే కాదు. "ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ వచ్చింది, 2024లో నోబెల్ కూడా వచ్చింది, ఇక మందులు కంప్యూటరే చేస్తుంది" అని వేదిక మీద ఎవరో ఒకరు అంటారు. ప్రశ్నల టైంలో లేచి ఈ మాత్ర గురించి మర్యాదగా అడుగు. వక్త తెలిసినవాడైతే సంతోషిస్తాడు, కానివాడైతే టీ బ్రేక్ అంటాడు.

జడ్జీలు అడిగేవి ఇంకొన్ని. ఈ ప్రొటీన్ ఎందుకు ఎంచుకున్నావు? కంట్రోల్ ఏది? అదే రన్ మళ్లీ వేరే సీడ్‌తో (ప్రోగ్రామ్ వెతకడం మొదలుపెట్టే అంకె) చేస్తే అదే పోజ్ వచ్చిందా? నీది ఆర్గానిక్ కదా, మెథోట్రెక్సేట్‌ని తయారుచేయమంటే ఎక్కడ విడగొడతావు? ఈ చివరిది నేనైతే తప్పకుండా అడుగుతాను. డాకింగ్ చేసే పిల్లలు చాలామంది అక్కడ తడబడతారు. నువ్వు తడబడకూడదు, అది నీ సబ్జెక్టు. టెరిడిన్ ముక్క, పీ-మిథైల్‌అమినోబెంజాయిల్ గ్లుటామేట్ ముక్క, మధ్యలో సీహెచ్2కీ నైట్రోజన్‌కీ ఉన్న బంధం. అక్కడ విడగొట్టి చూపించు.

మొక్కలే చేయాలని పట్టుబడితే ఒక జాగ్రత్త. కోరింగ మడ అడవుల నుంచి తిల్ల చెట్టు ఆకులో, మడ చెట్టు బెరడో తెచ్చి ఎక్స్‌ట్రాక్ట్ చేద్దామని కొందరు బయలుదేరతారు. అది అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా ఆకు కూడా కోయకూడదు. పైగా తిల్ల పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, అక్కడి జాలర్లని అడిగినా చెబుతారు.

పోస్టర్ అచ్చు గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. మన ఊళ్లలో పోస్టర్ అంటే ఫ్లెక్స్ షాపే. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, రాజకీయ నాయకుల మధ్య నీ టెరిడిన్ రింగ్ కూడా వరసలో ఉంటుంది. పవర్‌పాయింట్ ఫైల్ ఇవ్వకు. అక్కడ కోరల్‌డ్రాలో తెరవగానే ఫాంట్లు మారి ఆంగ్‌స్ట్రామ్ గుర్తు, డెల్టా గుర్తు డబ్బాలైపోతాయి. నిర్వాహకులు చెప్పిన కొలతకే స్లైడ్ పెట్టుకుని పీడీఎఫ్ చేసి ఇవ్వు. కొలత వేరైతే షాపు కుర్రాడు అడ్డంగా లాగేస్తాడు, బెంజీన్ రింగులు కోడిగుడ్డు ఆకారంలోకి వస్తాయి, దూరం నుంచే తెలిసిపోతుంది. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద మెరిసే ప్రొటీన్ బొమ్మ స్క్రీన్ మీద బాగుంటుంది, ఫ్లెక్స్ మీద బురదలా వస్తుంది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టు. రెండు అణువులూ గూట్లో ఎలా తిరగబడి ఉన్నాయో చూపే బొమ్మ పోస్టర్ మధ్యలో, పెద్దగా.

ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకు. అక్కడ జడ్జీలు కూడా మనవాళ్లే. మొదటి నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో బాగా అలవాటు చేసుకో, తర్వాత "సార్, తెలుగులో చెప్పనా?" అని అడుగు. కాదన్నవాళ్లని నేను చూడలేదు. బయటి రాష్ట్రం జడ్జీ వస్తే బొమ్మ మీద వేలు పెట్టి చూపించు, కెమిస్ట్రీలో సగం మాటలు స్ట్రక్చరే చెబుతుంది.

ఉపన్యాసాల్లో ప్రాసెస్ కెమిస్ట్రీ వాళ్లది, అంటే మందుల్ని ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున తయారుచేసేవాళ్లది, ఉంటే వదలకు. విశాఖ, హైదరాబాద్ కంపెనీల్లో మీ బ్యాచ్‌కి ఉద్యోగాలు ఎక్కువగా ఉండేది అటువైపే, డాకింగ్ వైపు కాదు. భోజనాల దగ్గర ఆ వక్త పక్కన నిలబడి ఒక్క ప్రశ్న అడుగు, ఏ రియాక్షన్ స్కేలప్‌లో ఇబ్బంది పెట్టిందని. వాళ్లకి అది చెప్పడం ఇష్టం. అప్పుడు రెజ్యూమే ఇవ్వాలా వద్దా అన్నది నీకే తెలుస్తుంది.

ఇక దండగ రకం. పోస్టర్ పెడితే చాలు స్కోపస్ జర్నల్లో పేపర్ వస్తుందని చెప్పి వేలల్లో ఫీజు అడిగేవి, వక్తల పేర్లు లేకుండా "ప్రముఖ శాస్త్రవేత్తలు" అని మాత్రమే ఉండేవి, కెమిస్ట్రీ నుంచి మేనేజ్‌మెంట్ దాకా అన్ని సబ్జెక్టులూ ఒకే రోజు పెట్టేవి. వీటికి డబ్బు కట్టకు. నువ్వు చెప్పినది కాలేజీ డిపార్ట్‌మెంట్ పెట్టే ప్రాంతీయ సభ అయితే ఫీజు కొద్దిగానే ఉండాలి. వక్తల పేర్లు చూసి, వాళ్లు పనిచేసే సంస్థ వెబ్‌సైట్‌లో ఉన్నారో లేదో చూడు. మీ సార్‌కి ఆ కాలేజీలో తెలిసినవాళ్లు ఉండే ఉంటారు, ఒక ఫోన్ చేయమను.

అబ్‌స్ట్రాక్ట్ గడువు పోస్టర్ కంటే ముందే ఉంటుంది, అది చూసుకో. 4డీఎఫ్ఆర్ డాకింగ్ ఈ వారమే మొదలుపెట్టు, మామూలు ల్యాప్‌టాప్ మీద ఒక్కో రన్ నిమిషాల్లో అయిపోతుంది. అబ్‌స్ట్రాక్ట్ రాశాక పంపితే చూస్తాను. "ప్రామిసింగ్" అనే మాట అందులో ఉంటే మాత్రం ముందు అది కొట్టేసి పంపు.